బైక్ సర్వీసింగ్: ఏ పని మనం చేసుకోవచ్చు, ఏది షోరూంకే వదిలేయాలి

బైక్ ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ వాదన రాక మానదు. ‘ఆయిల్ మార్చడానికి కూడా షోరూంకి తీసుకెళ్లాలా?’ అని ఒకరంటారు. ‘వారంటీ ఉండగా పానా పట్టావంటే అంతే సంగతులు’ అని ఇంకొకరు. ఎంతసేపు వాదించుకున్నా తేలదు. ఒకరి మనసులో ఉన్నది ఆయిల్ మార్పు, రెండోవారి మనసులో ఉన్నది ఇంజిన్ విప్పడం. రెండింటినీ మనం సర్వీసింగ్ అనే అంటాం, రెండూ ఒకే బిల్లు మీద వస్తాయి.

ఆ కట్ట విప్పడానికి బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ చాలు. అందులో మెయింటెనెన్స్ పట్టిక ఒకటి ఉంటుంది. ఎడమవైపు భాగాల పేర్లు, పైన కిలోమీటర్లు, నెలలు, మధ్య గళ్లలో ఒక్కో ఇంగ్లిష్ అక్షరం. సాధారణంగా ఐ అంటే చూడటం, ఆర్ అంటే మార్చడం, సీ అంటే శుభ్రం చేయడం, ఎల్ అంటే గ్రీజో ఆయిలో పెట్టడం, ఏ అంటే సరిచేయడం. ఆ పట్టికను వేలు పెట్టి చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎక్కువ గళ్లలో ఉండేది ఐ. బ్రేక్ ప్యాడ్ల మందం, టైర్లు, చైన్, కేబుళ్లు, పైపులు, లైట్లు, హ్యాండిల్ బేరింగులు, అన్నీ ‘చూడటమే’. మార్చాల్సినవి ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ లాంటివి కొన్నే, అవీ అన్నీ ఒకేసారి రావు.

చూడటం అనే పనిని ఆరు నెలలకోసారి ఎవరో చేసే బదులు వారానికోసారి బండి నడిపేవాళ్లు చేస్తేనే మేలు. టైర్లో గాలి సర్వీస్ తేదీ చూసుకుని దిగదు. ప్యాడ్లు రెండు సర్వీసుల మధ్యలో కూడా అరిగిపోతాయి. పైగా బండి రోజూ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే కొత్త చప్పుడు చెవిన పడుతుంది. షోరూంలో బండిని మొదటిసారి చూసే మనిషికి ఆ చప్పుడు నిన్నటిదో, కొన్నప్పటిదో తెలియదు.

షోరూంలో మనం కొనేది నిజంగా ఏమిటి? కంపెనీ దగ్గర శిక్షణ తీసుకున్న మనిషి, మన దగ్గర లేని పనిముట్లు, ఇంజిన్‌ను నియంత్రించే ఈసీయూ అనే ఎలక్ట్రానిక్ పెట్టెతో మాట్లాడే కంప్యూటర్, తేడా వస్తే నిలదీయడానికి ఒక చిరునామా. ఇవన్నీ విలువైనవే. అయితే మామూలు ఆయిల్ సర్వీసులో ఇవి ఎంత వాడుకలోకి వస్తాయన్నది వేరే ప్రశ్న. పెద్ద సర్వీస్ సెంటర్లలో ఒక్కో పనికి ఇంత సమయం అని ముందే పుస్తకంలో రాసి ఉంటుంది, లేబర్ ఛార్జీ ఆ సమయానికే పడుతుంది. చాలాచోట్ల మెకానిక్ జీతం కూడా దాంతో ముడిపడి ఉంటుంది. గంట పనిని నలభై నిమిషాల్లో ముగిస్తే అతనికి లాభం. అతన్ని తప్పుపట్టడానికేమీ లేదు, కానీ పట్టికలోని ఐ గళ్లన్నిటినీ ఓపికగా చూడటానికి ఆ పద్ధతి సాయపడదు. ఇంకో సంగతి, అంతుచిక్కని రోగాలు అనుభవం ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్తాయి. ఆయిల్ మార్చడం, చైన్ బిగించడం కొత్తగా చేరిన కుర్రాడి వంతు. అంటే షోరూం నైపుణ్యం తక్కువగా అవసరపడే పనికే మనం ఎక్కువసార్లు షోరూంకి వెళ్తాం.

ఆఖర్లో బండిని కడిగి తళతళలాడేలా ఇస్తారు. సర్వీస్ బాగా జరిగిందన్న తృప్తి సగం ఆ మెరుపులోంచే వస్తుందని నా అనుమానం. అదే కడుగుడులో ప్రెషర్ వాటర్ పైపును చక్రాల బేరింగుల మీదికి, చైన్ మీదికి దగ్గరగా తిప్పితే గ్రీజు ఉండాల్సినచోట నీళ్లు చేరతాయి.

తప్పు జరిగితే ఎక్కడ బయటపడుతుంది

ఏ పని సొంతంగా చేసుకోవచ్చో తేల్చడానికి చాలామంది కష్టాన్ని బట్టి చూస్తారు. సులువైతే ఇంట్లో, కష్టమైతే షోరూంలో. ఈ కొలబద్ద సరిగ్గా పనిచేయదు. వెనక చక్రం యాక్సిల్ నట్టు బిగించడం చాలా సులువైన పని, కానీ అది వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దీనికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. నేను తప్పు చేస్తే అది బండి స్టాండ్ మీద ఉండగానే తెలుస్తుందా, రోడ్డెక్కాక తెలుస్తుందా, లేక వేల కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ పాడయ్యాకా?

బ్యాటరీ కనెక్షన్ సరిగ్గా ఇవ్వకపోతే బండి స్టార్టే కాదు, అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆయిల్ కారితే కింద పరిచిన అట్ట మీద మరక కనిపిస్తుంది. ఇవి ధైర్యంగా మొదలుపెట్టదగ్గ పనులు. చైన్ మరీ బిగిస్తే మాత్రం ఆ రోజు ఏమీ తెలియదు, బండి మామూలుగానే పోతుంది. వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉంచాల్సిన సందు) తప్పు పెడితే ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది.

ఆయిల్ మార్పునే దగ్గరగా చూద్దాం. ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపి ఆపుతాం. వెచ్చబడ్డ ఆయిల్ పల్చనై, అడుగున చేరిన మడ్డిని కూడా కలుపుకుని దిగుతుంది. కింద పళ్లెం పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ధార మనం అనుకున్నదానికంటే దూరంగా దూకుతుంది, అందుకే మొదటిసారి చేసేవాళ్ల పళ్లెం ఎప్పుడూ తప్పుచోటే ఉంటుంది. ధార సన్నబడి చుక్కలు పడేదాకా ఆగాలి. చాలా బోల్టుల తల కింద పల్చటి వాషర్ ఉంటుంది, రాగిదో అల్యూమినియందో. బిగించినప్పుడు నలిగి సందు మూయాలనే అంత మెత్తటి లోహం వాడతారు. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి అంత బాగా నలగదు కాబట్టి ప్రతిసారీ కొత్తది వేయాలి. పాత వాషరే వేసి, చెమ్మ కనిపించగానే బోల్టును ఇంకొంచెం, ఇంకొంచెం బిగించేవాళ్లున్నారు. బోల్టు ఉక్కుది, అది దిగే ఇంజిన్ కేసు అల్యూమినియంది. ఈ బలపరీక్షలో ఓడిపోయేది కేసులోని థ్రెడ్డే. 

చాలా బైకులకు ఈ బోల్టు టార్క్, అంటే తిప్పి బిగించే బలం, 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది సుమారుగా అంతే. ‘గట్టిగా’ అనే మాటకు చేతికి తెలిసిన అర్థం దీనికంటే చాలా ఎక్కువ. సొంతంగా పని చేసుకోవాలనుకునేవాళ్లు ముందు కొనాల్సింది టార్క్ రెంచ్ అని చెప్పేది ఇందుకే. థ్రెడ్ పోతే హెలికాయిల్ (కొత్త థ్రెడ్‌గా పనిచేసే తీగ చుట్ట) వేయించొచ్చు, బండి పోదు. కానీ అది ఇంట్లో అయ్యే పని కాదు. నిజానికి ఈ థ్రెడ్ చాలా బళ్లలో ఇంటి దగ్గరే పోతుందని కూడా చెప్పలేం. గాలితో తిరిగే గన్ పెట్టి బోల్టు బిగించే అలవాటున్న చోట అంతకుముందే దెబ్బతిని ఉండొచ్చు.

పాత ఫిల్టర్ తీసేటప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోవచ్చు. చూసుకోకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుని, ఇంజిన్ తిరగ్గానే ఆయిల్ చిమ్ముతుంది. వేలితో ఒకసారి తడిమితే పోయే సమస్య ఇది.

ఆయిల్ ఎంపికలో జరిగే పొరపాటు అంత తొందరగా బయటపడదు. కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్‌కే. చాలా బైకుల్లో మాత్రం అదే ఆయిల్ గేర్‌బాక్స్‌నూ క్లచ్‌నూ తడుపుతుంది. ఇంధనం ఆదా చేసే కార్ల ఆయిల్లో రాపిడి తగ్గించే రసాయనాలు ఉంటాయి. అవి ఇంజిన్‌కు మంచివే. క్లచ్ ప్లేట్లు పట్టేది మాత్రం ఆ రాపిడితోనే. అందుకే జపాన్ వాళ్ల జాసో ప్రమాణంలో ఎంఏ, ఎంఏ2 అన్నవి తడి క్లచ్ ఉన్న బైకులకు, ఎంబీ అన్నది ఎక్కువగా గేర్లు లేని స్కూటర్లకు. డబ్బా వెనక చిన్న పెట్టెలో ముద్రించి ఉండే ఈ రెండు అక్షరాలు డబ్బా ముందు పెద్దగా వేసిన బొమ్మకంటే ముఖ్యం. ఆయిల్ చిక్కదనం ఎంత ఉండాలి, 10డబ్ల్యూ-30 పోయాలా, 20డబ్ల్యూ-50 పోయాలా అన్నది మాన్యువల్ చెబుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ మెత్తగా తిరుగుతుందన్న సలహా వినిపిస్తే విని వదిలేయండి.

ఆయిల్ ఎక్కువ పోయడం కూడా మంచిది కాదు. ఎక్కువైన ఆయిల్, ఇంజిన్‌లోని గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి చేరుతుంది. లెవెల్ చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. దించిన ఆయిల్‌ను మట్టిలోనో కాలువలోనో పారబోయకూడదు. డబ్బాలోకి ఎత్తి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకో సేకరణ కేంద్రానికో ఇవ్వాలి.

చైన్: బిగుతే బలం అనుకుంటే

వారానికోసారి చూడాల్సిన వాటిలో మొదటిది టైర్ గాలి అయితే రెండోది చైన్. ఇక్కడ అందరూ పొరబడేది ఒక్కచోటే. వేలాడే చైన్ చూస్తే భయమేస్తుంది, బిగుతుగా ఉంటే బాగున్నట్టు అనిపిస్తుంది. బండి గుంతలో పడి వెనక చక్రం పైకి లేచినప్పుడు, ముందు స్ప్రాకెట్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ రెండూ, వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే స్వింగ్ఆర్మ్ ఇరుసు, మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్‌కు అన్నిటికంటే ఎక్కువ లాగుడు. స్టాండ్ మీద కనిపించే ఆ వదులు నిజానికి ఆ క్షణం కోసం దాచిపెట్టింది. అది లేకపోతే దెబ్బ గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ బేరింగు మీద పడుతుంది. చైన్ మార్చడం చిన్న ఖర్చు, ఆ బేరింగు మార్చాలంటే చాలా ఇంజిన్లను రెండుగా విప్పాలి.

ఎంత వదులు ఉండాలన్నది బండిని బట్టి ఉంటుంది. చాలా రోడ్డు బైకులకు 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య, సస్పెన్షన్ ఎత్తుగా ఉండే అడ్వెంచర్ బళ్లకు 40 కూడా దాటొచ్చు. సైడ్ స్టాండ్ మీద కొలవాలా, చక్రం గాల్లో ఉండగానా అన్నది కూడా మాన్యువల్లోనే రాసి ఉంటుంది, ఆ తేడాతో అంకె మారిపోతుంది. చైన్ అంతటా సమానంగా అరగదు. చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోటు వెతికి అక్కడే కొలవాలి. రెండువైపులా ఉన్న గీతలు సమానంగా ఉంచుతూ జరిపి, యాక్సిల్ నట్టును చెప్పిన టార్క్‌కి బిగించి, ఆ తర్వాత ఇంకోసారి వదులు కొలవాలి. నట్టు బిగించేటప్పుడే చైన్ కొంచెం లాగేసుకోవడం మామూలు.

శుభ్రానికి కిరోసినో చైన్ క్లీనరో వాడాలి. పెట్రోలు, ఇనుప బ్రష్షు లింకుల మధ్య ఉన్న రబ్బరు ఓ-రింగులను పాడుచేస్తాయి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో పెట్టి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ ఆనించేవాళ్లున్నారు. పని త్వరగా అయిపోతుంది, వేళ్లు కూడా అంతే త్వరగా పోతాయి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి.

మధ్యలో ఉండే పనులు

బ్రేకుల దగ్గర నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. ప్యాడ్లు మార్చడం చాలా బళ్లలో సులువే, అయినా మొదటిసారి తెలిసినవాళ్లు పక్కన ఉండగా చేయాలి. కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్లను లోపలికి నెడతాం. ఆ తర్వాత లివర్‌ను గట్టి పడేదాకా పదే పదే నొక్కకపోతే బండి కదిలాక మొదటి బ్రేకు పడదు. తప్పు రోడ్డు మీద బయటపడే పని అంటే ఇదే. 

బ్రేక్ ఆయిల్ సంగతి వేరు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి లోపలి ద్రవం మరిగి బుడగలు పుడితే లివర్ స్పంజిలా దిగిపోతుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే, బండి తిరగకపోయినా సరే. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లేని బండికి ఓపిక ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. ఏబీఎస్ ఉన్నప్పుడు పైనున్న డబ్బా ఖాళీ కానివ్వకుండా కొత్తది పోస్తూ పాతది దించగలిగితే ఇబ్బంది లేదు. పొరపాటున ఏబీఎస్ యూనిట్లోకి గాలి పోతే దాన్ని బయటికి తీయడానికి చాలా మోడళ్లకు షోరూం కంప్యూటరే కావాలి. డాట్ 5 అన్నది సిలికాన్ రకం, 5.1తో పేరు కలిసిందని కలపకూడదు.

స్పార్క్ ప్లగ్‌ను చల్లటి ఇంజిన్ మీద, మొదటి చుట్లన్నీ వేళ్లతోనే తిప్పుతూ ఎక్కించాలి. వేళ్లకు అడ్డుపడితే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి, పానాతో ఒప్పించకూడదు. ఎయిర్ ఫిల్టర్ ఏ రకమో చూసుకోవాలి. ఫోమ్ అయితే కడిగి ఆయిల్ పట్టించొచ్చు, తయారీలోనే ఆయిల్ పట్టించిన పేపర్ ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ వాడకూడదు. బ్యాటరీకి ఒక మల్టీమీటర్ చాలు. బండి కాసేపు ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల పైన, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

వాల్వులు అలా కాదు. వాల్వ్‌ను నొక్కి తెరిచే కామ్‌కీ, వాల్వ్‌కీ మధ్య మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల సందు ఉంటుంది, దాన్ని చల్లటి ఇంజిన్ మీద ఫీలర్ గేజ్‌తో (పల్చటి కొలత రేకులతో) కొలుస్తారు. సందు పెరిగితే టాపెట్లు టిక్‌టిక్‌మంటాయి, అందరూ కంగారుపడతారు. అసలు భయపడాల్సింది సందు తగ్గినప్పుడు. వాల్వ్ పూర్తిగా మూసుకోదు, దాని వేడి దిగిపోవడానికి దారి ఉండదు, అంచు కాలిపోతుంది. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. చప్పుడు రాని ఇంజిన్‌ను చూసి ‘స్మూత్‌గా ఉంది’ అని మురిసిపోయి తనిఖీ వాయిదా వేయడం అందుకే ప్రమాదం. స్క్రూ, లాక్‌నట్ ఉన్న చిన్న ఇంజిన్లలో నేర్చుకుని చేసుకోగలిగిన పని ఇది. షిమ్‌లు (సందు సరిచేసే చిన్న లోహపు బిళ్లలు) వేసే ఇంజిన్లలో కామ్‌షాఫ్టులు విప్పాలి, టైమింగ్ గుర్తులు ఒక పన్ను పక్కకు జరిగినా పిస్టన్ వెళ్లి వాల్వ్‌ను కొట్టే అవకాశం ఉంది. నా లెక్కలో షోరూంకో, నమ్మకమైన సీనియర్ మెకానిక్‌కో డబ్బివ్వాల్సిన మొదటి పని ఇదే. అదృష్టవశాత్తూ తరచుగా రాదు. డుకాటీ 2020లో పరిచయం చేసిన వీ4 గ్రాన్‌టురిస్మో ఇంజిన్‌కైతే వాల్వ్‌ను స్ప్రింగుతో కాకుండా కామ్‌తోనే మూసే డెస్మో పద్ధతి వదిలి మామూలు స్ప్రింగులు పెట్టి, ఈ తనిఖీ గడువును 60,000 కిలోమీటర్లకు తీసుకెళ్లింది.

వారంటీ మాట

‘బయట చేయిస్తే వారంటీ పోతుంది’ అన్న మాట సగం నిజం, సగం బెదిరింపు. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఫలానా కంపెనీ పార్టులు వాడితేనే, ఫలానా చోట సర్వీస్ చేయిస్తేనే వారంటీ వర్తిస్తుందని సాధారణంగా షరతు పెట్టకూడదు. 2022లో హార్లే-డేవిడ్‌సన్ వారంటీలో ఇలాంటి షరతులున్నాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుని వాటిని తీయించింది. ఇంకోచోట ఫ్రీ సర్వీసులు సమయానికి షోరూంలోనే చేయించాలని వారంటీ పత్రంలో స్పష్టంగా రాసి ఉండొచ్చు. కాబట్టి అడగాల్సింది కౌంటర్లో కూర్చున్న మనిషిని కాదు, ఆ పత్రం చదవాలి.

చట్టం మన పక్షాన ఉన్నా రుజువు చూపాల్సి రావచ్చు. ఆయిల్, ఫిల్టర్ కొన్న బిల్లులు, ఆ రోజు మీటర్ రీడింగ్ ఫోటో, తేదీ, వాడిన పార్టు నంబరు ఒక నోటుపుస్తకంలో పెట్టుకుంటే రేపు బండి అమ్మేటప్పుడు కూడా అడిగినవాళ్లకు చూపించొచ్చు. షోరూం స్టాంపుకు ఉన్నంత విలువ దానికి వస్తుందా అంటే, కొనేవాళ్లను బట్టి ఉంటుంది. వారంటీ నడుస్తున్నన్నాళ్లూ, ముఖ్యంగా ఖరీదైన ఎలక్ట్రానిక్స్ ఉన్న బండికి, షెడ్యూల్ సర్వీసులు షోరూంలోనే చేయించి, మధ్యలో చూడాల్సినవి మనం చూసుకోవడం నాకు తెలివైన పద్ధతిగా తోస్తుంది. రీకాల్ వస్తే, అంటే లోపం ఉందని కంపెనీయే బళ్లను వెనక్కి పిలిస్తే మాత్రం రెండో ఆలోచన లేదు. ఆ మరమ్మతు సాధారణంగా ఉచితం, బండిని కంపెనీ వాళ్లకే ఇవ్వాలి.

డబ్బు ఆదా అవుతుందా అంటే, మొదటి ఏడాది కాకపోవచ్చు. టార్క్ రెంచ్, మంచి సాకెట్ల సెట్టు, వెనక చక్రం లేపే స్టాండ్, పళ్లెం, గరాటు కొన్నాక లెక్క చూస్తే షోరూం బిల్లుకు దగ్గరగానే ఉంటుంది. తర్వాతి సర్వీసుల నుంచే తేడా తెలుస్తుంది. సమయం కూడా లెక్కలోకి వస్తుంది. మొదటి ఆయిల్ మార్పు ఒక పూట తింటుంది. ఆదివారం ఆ పూట మీకు విశ్రాంతి అయితే సరే, చిరాకు అయితే డబ్బిచ్చి చేయించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

షోరూంకి ఇచ్చినప్పుడు కూడా ‘జనరల్ సర్వీస్’ అని సంతకం పెట్టేసి రాకండి. జాబ్ కార్డులో ఏ పని కావాలో, ఏది వద్దో విడివిడిగా రాయించండి. ఎయిర్ ఫిల్టర్ నేను మార్చుకున్నాను, ముట్టుకోవద్దు. చైన్ వదులు ఇంత ఉండాలి. మార్చిన పాత పార్టులు నాకు చూపించాలి. వాల్వ్ క్లియరెన్స్ చెక్ చేశామని బిల్లులో వేస్తే, ఒక్కో వాల్వ్ దగ్గర ఎంత కొలత వచ్చింది, సరిచేశాక ఎంత ఉంది అని కాగితం మీద అడగండి. నిజంగా కొలిచినవాళ్ల దగ్గర ఆ అంకెలు ఉంటాయి.